గట్టు కింద ఊరు

28 నవంబరు 1926, ఆదివారం

బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు పోతూ పోతూ నాకో పని అంటగట్టారు. మూడో తరగతి పిల్లలకు భూగోళం సొంత ఊరితోనే మొదలుపెట్టాలట. అంచేత ఎస్టేటు బడుల్లో చెప్పేవాళ్లందరూ తమ ఊరి చరిత్ర, భూగోళం నాలుగు పేజీలు రాసి పంపాలి. మా ఆయనతో చెబితే పకపకా నవ్వారు. "పదేళ్ల ఊరికి చరిత్రేమిటి పౌలిన్? ఇంకా ముక్కు తుడుచుకోవడం రాని వయసు" అన్నారు. మా ఆల్బర్ట్ గారికి అన్నీ నవ్వులాటే. ఎస్టేటు ఆఫీసులో పొద్దస్తమానం గుమాస్తా పని చేసి, దొర చేత చీవాట్లు తిని, ఇంటికి నవ్వుతూ రాగల మనిషి.

భూగోళం సులువని ముందు అదే మొదలుపెట్టాను. ఉత్తరాన సుంగై సిపుట్ పట్నానికి పోయే రోడ్డు. దక్షిణాన రబ్బరు తోట. తూర్పున కొండ. కొండను ఆనుకుని చెరువు. చెరువుకు పడమర గట్టు. గట్టు కింద కూలీలుండే వరస ఇళ్ల లైన్లు, బడి, మా ఇల్లు.

బొమ్మ కూడా వేద్దామని గీతలు గీశాను. చెరువును పైన వేయాల్సి వచ్చింది, మమ్మల్ని కింద. నీళ్లు మా ఇంటి చూరుకన్నా ఎత్తున ఉన్నాయి. ఇన్నేళ్లు ఇక్కడే కాపురం చేస్తూ ఈ సంగతి కాగితం మీద గీసేదాకా నాకు తట్టనే లేదు. బొమ్మ చించేశాను.

2 డిసెంబరు

చరిత్ర కోసం బంగారయ్య దగ్గరకు వెళ్లాను. కూలీలందరినీ విజయనగరం వైపు నుంచి ఓడెక్కించి సముద్రం దాటించి ఈ దేశం తెచ్చిన కూలీ మేస్త్రీ, కంగాణి, ఆయనే. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

"సెరిత్రేటమ్మా, సీనావోళ్లు తగరం కోసం గొయ్యి తవ్వినారు. తగరం అయిపోనాది, ఎలిపోనారు. వానకి గొయ్యి నిండినాది. మేం ఒచ్చీసరికి నిండా నీళ్లు, తామరాకులు! మా ఆడోళ్లు ఆ నీళ్లు సూసి ఏడిసినారమ్మా, మనూరి సెరువొచ్చినాదని. ఇక్కడే లైన్లెయ్యండి దొరా అని కాళ్లట్టుకున్నాను."

గట్టు ఎవరు కట్టారని అడిగాను. గని వాళ్లు కడిగి పారబోసిన ఇసుక కుప్పే అది. దాని మీద మనవాళ్లు ఏటేటా మట్టి పోసి గడ్డి నాటారు. ఒక పక్క నీళ్లు పొర్లిపోయే కాలువ ఉండేదట. బంగారయ్య దాన్ని రాళ్లతో, బంకమట్టితో మూయించాడు. నీళ్లు ఊరికే పోతుంటే చూడలేకపోయాడట. వాళ్ల నాన్న ఊరి చెరువుకు కాపలా ఉండేవాడు. చుక్క వృథాగా పోతే కడుపు మండే వంశం వాళ్లది.

"మరి ఇక్కడ పన్నెండు నెలలూ వానే కదా బంగారయ్యా, నీళ్లు దాచుకోవడం దేనికి?"

నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "సెరువు నిండుతాంటే బెంగెట్టుకున్న మనిసిని నిన్నే సూసినాను పంతులమ్మా."

5 డిసెంబరు

వాన.

6 డిసెంబరు

వాన. రబ్బరు చెట్లకు గీత పెట్టి పాలు తీయడానికి వీల్లేక కూలీలంతా ఇళ్లలోనే ఉన్నారు. చెరువు పెరిగిందని ఊరంతా ఒకటే సంబరం. రేవులో ఎన్ని మెట్లు మునిగాయో రోజూ వెళ్లి చూసి వచ్చి చెప్పుకుంటున్నారు.

నాకేమీ భయం లేదు. పని లేక ఆలోచనలు, అంతే.

9 డిసెంబరు

బడి వెనక గోడ దగ్గర నీరు ఊరుతోంది. గట్టు మొదట్లో బొటనవేలంత కన్నం. పిల్లలు అక్కడ కాగితప్పడవలు వదులుతుంటే చూడటానికి వెళ్లాను. ఆ నీటితో పాటు ఇసుక కూడా వస్తోంది. కన్నం ముందు చిన్న పుట్టలా పేరుకుంది. గట్టు లోపలి నుంచి కొద్దికొద్దిగా బయటకు వచ్చేస్తోందన్న మాట.

పిల్లల్ని లోపలికి పిలిచి ఎక్కాలు చెప్పించాను.

బంగారయ్యను పిలుచుకొచ్చి చూపించాను. వంగి చూశాడు, కాస్త నీళ్లు తీసి నోట్లో పోసుకున్నాడు. "ఊట ఒస్తే సెరువు బతికున్నట్టు" అని వెళ్లిపోయాడు.

10 డిసెంబరు

దొరకు చెప్పమని మా ఆయన్ని పోరాను. చెప్పారు. పదేళ్లు నిలిచిన గట్టు ఇప్పుడేమవుతుందని దొర అన్నాడట. క్రిస్మసుకు పెనాంగు పోయే తొందరలో ఉన్నాడు. మా ఆయన దొర మాట నాకు చెప్పేసి, ఇక ఆ సంగతి తీరిపోయినట్టే భోజనానికి కూర్చున్నారు.

13 డిసెంబరు

కన్నాలు మూడయ్యాయి. పిల్లలకు సెలవిచ్చేశాను. జలుబులు చేస్తున్నాయని చెప్పాను.

రాత్రి పడుకుంటే గట్టు మీద వాన పడే చప్పుడూ మా చూరు మీద పడే చప్పుడూ వేరువేరుగా వినిపిస్తాయి. చూరు మీది వాన ఆగినా గట్టు వైపు చప్పుడు ఆగదు. ఆయన హాయిగా గురక పెడతారు. నేను మంచం దిగి నేల తడిగా ఉందేమోనని తడిమి చూస్తాను. ఈ పని రోజూ చేస్తున్నాను.

14 డిసెంబరు

చేసేశాను. తెల్లవారుతుండగా పలుగు తీసుకుని మూసేసిన కాలువ దగ్గరకు వెళ్లి రాళ్లు లాగడం మొదలుపెట్టాను. ఒకటి ఊడింది. రెండోది ఊడుతుండగా బంగారయ్య భార్య కూర్మమ్మ చూసింది. నీళ్ల బిందె కింద పడేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మో! ఏటి సేస్తన్నావు తల్లీ! నిండు సెరువుకి గండి కొడతావా? మనూళ్లో గండి కొట్టినోడిని నీళ్లూ నిప్పూ ఇవ్వకండా ఊరొదిలించేవోరు."

"కూర్మమ్మా, ఇది ఊరి చెరువు కాదు. గని గొయ్యి. గట్టు తెగితే ఒక్కరమూ మిగలం."

"నోరు ముయ్యి. నిండు సెరువు కాడ అలాటి మాట అనకూడదు." ఎవరికీ చెప్పనని ఒట్టేసింది, నేనూ మళ్లీ ఇటు రాకూడదని ఒట్టు వేయించుకుంది.

సాయంత్రానికి ఆ రాయి మళ్లీ దాని చోట్లో ఉంది.

17 డిసెంబరు

నీళ్లు అంచుకు వస్తున్నాయి. నిండిన రోజున గంగమ్మకు సారె పెట్టాలని బంగారయ్య చాటించాడు. పసుపు, కుంకుమ, చీర, గాజులు. డప్పులు తెప్పిస్తున్నారు. ఊరు ఊరంతా, చంకలో పిల్లలతో సహా, గట్టెక్కి ఆడతారట.

ఆ గట్టు మీద. డప్పులతో. ఇంతమందీ ఒక్కసారి ఎగిరితే!

ప్రభువా, నాకు ఏదైనా దారి చూపించు. నా మాట ఎవరూ వినరు. క్రైస్తవులం ఈ ఊళ్లో మేమిద్దరమే, గంగమ్మ పండగ చెడగొట్టడానికి చెబుతున్నానని అప్పుడే ఇద్దరు ముగ్గురు అన్నారు.

19 డిసెంబరు, ఆదివారం

ఈ రోజు ప్రార్థనలో ఉండగానే నాకొక ఆలోచన వచ్చింది. ప్రార్థనలో రావాల్సిన ఆలోచన మాత్రం కాదు.

చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర మా ఊళ్లో మశూచి తిరిగితే మాలపేట నుంచి కాపుల వీధి దాకా ఊరంతా ఖాళీ చేసేవాళ్లు. పొయ్యిలో నిప్పు చల్లార్చి, పిల్లాజెల్లాతో పొలిమేర దాటి, అమ్మవారు శాంతించేదాకా తోపుల్లో వండుకునేవాళ్లు. ఆ సంగతి వీళ్లందరికీ తెలుసు. భయపడి పారిపొమ్మంటే వీళ్లు కదలరు. మొక్కు తీర్చుకోవడానికి రమ్మంటే రాత్రికి రాత్రే మూట కడతారు.

20 డిసెంబరు

అబద్ధం ఆడాను. అబద్ధమే, ఇంకో పేరు పెట్టుకోను.

ఊరి చరిత్ర కోసం ఆఫీసులో పాత పుస్తకం తిరగేస్తే దొరికిందని బంగారయ్యతో, కూర్మమ్మతో చెప్పాను. ఈ నీటికి పుట్టుక కొండ మీద ఒక రాతి దగ్గర ఉందని, గని తవ్వకముందు ఇక్కడి వాళ్లు సారె అక్కడే పెట్టేవారని, గట్టు మీద కాదని. సారె పెట్టేవేళకు ఊళ్లో పొయ్యి వెలగకూడదని, వాన వెలిసేదాకా ఎవరూ దిగకూడదని చెప్పాను. ఎక్కడా తడుముకోలేదు. పాఠం చెప్పినట్టే చెప్పాను.

"పుస్తకంలో ఉన్నాదా?" అన్నాడు బంగారయ్య.

"ఉంది."

చాలాసేపు నా మొహం చూశాడు. "మరైతే సరి" అన్నాడు. "బుధవారం ఎక్కుదుము."

కూర్మమ్మ కళ్లొత్తుకుంది. "మా ఊళ్లోనూ అంతే సేసేవోరమ్మా, ఊరు కాళీ సేసి. ఇక్కడోళ్లకీ అదే ఆచారం! ఏ దేశమైనా గంగమ్మ ఒకత్తే."

రాయి ఏదని అడుగుతారని మధ్యాహ్నం గొడుగేసుకుని కొండెక్కి ఒక రాయి చూసి పెట్టుకున్నాను.

21 డిసెంబరు

మా ఆయనకు చెప్పాలి.

చెప్పలేదు. గట్టు తెగుతుందని మాత్రం మళ్లీ చెప్పాను, మీరూ కొండ మీదకు రండి అన్నాను.

"నా భార్య గంగమ్మకు సారె మోస్తుందా?" నవ్వుతూనే అడిగారు, కానీ ఆ నవ్వు ఎప్పటిది కాదు.

"నేను సారె మొయ్యను. పిల్లలతో ఉంటాను. వాళ్లు నా బడి పిల్లలు."

"వెళ్లు, నేను ఆపను. కానీ నేను రాను పౌలిన్. ఊరంతా ఒక రాతికి మొక్కుతుంటే కనీసం ఒక్క ఇంట్లోనైనా దీపం ఉండాలి."

అది అబద్ధమని, ఆ రాయి నేనే ఎంచానని ఒక్క మాట చెబితే వస్తారేమో. కానీ చెబితే ఊరుకోరు. కిందటేడు దొంగసారా ఎవరు కాస్తున్నారని దొర అడిగితే బంగారయ్య పేరు చెప్పేసిన మనిషి. పది మందిలో దొర బంగారయ్యను నిలబెట్టి తిట్టాడు. తెలియదని తప్పుకోవచ్చు కదండీ అంటే, "అడిగాడు, చెప్పాను" అన్నారు. ఇప్పుడూ అంతే. దేవుడి పేరుతో ఇంతమందిని మోసం చేయకూడదంటారు, తిన్నగా బంగారయ్య అరుగు మీదకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. ఆ తర్వాత ఒక్కరూ కదలరు. డప్పులు గట్టెక్కుతాయి.

ముందు వాళ్లను ఎక్కించనీ. వాళ్లు అక్కడ కుదురుకున్నాక, ఒకటి రెండు రోజుల్లో దిగి వచ్చి చెబుతాను. తప్పకుండా చెబుతాను.

22 డిసెంబరు, బుధవారం

అందరం ఎక్కాం. ముసలివాళ్లను డోలీల్లో మోసుకొచ్చారు. మేకలు, కోళ్లు, బాలింతలు, అందరూ. పైడిరాజు అనేవాడు చుట్ట మర్చిపోయానని వెనక్కి పోతానంటే, ఊళ్లో చుట్టకైనా నిప్పు రాజేస్తే అమ్మకు కోపం వస్తుందని వాడిని గట్టిగా కసిరాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

రాయి చూపించాను. కూర్మమ్మ పసుపు రాసింది. నేను దూరంగా పిల్లలతో, అప్పటికప్పుడు వేసిన ఆకుల పాక కింద నిలబడ్డాను.

బయలుదేరేటప్పుడు ఆయన నాకు దుప్పటి మడతపెట్టి ఇచ్చారు, కొండ మీద చలి అని.

23 డిసెంబరు

వాన తెరిపి లేదు. ఆయన భోజనం నెపంతో కిందకు వెళ్లాను. ఊరు ఖాళీగా ఉంది. కుక్కలు కూడా లేవు. మా ఇంటికి వెనక దారిన వెళ్తూ బడి గోడ చూశాను. కన్నాలు కలిసిపోయి ఒక్కటయ్యాయి. నీళ్లు బుడబుడమంటున్నాయి. ఇంట్లోకి పరిగెత్తాను.

ఆయన పీట మీద కూర్చుని ఎండుచేపలు కాల్చుకుంటున్నారు. పొయ్యి వెలిగించారు. "చూశావా, మీ అమ్మవారికి కోపం రాలేదు" అన్నారు.

చెయ్యి పట్టుకుని లాగాను. బతిమాలాను. ఏడ్చాను. గట్టు చూపిస్తానంటే చూశానన్నారు. "ఎల్లుండి క్రిస్మసు. ఎల్లుండి పొద్దున నువ్వు దిగి రా. ఇద్దరం కలిసి పాట పాడుకుందాం. ఆ తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తాను, సుంగై సిపుట్‌కైనా సరే."

"ఈ రోజే రండి."

"ఆ రాయి దగ్గరకా? రాను."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆయన నాతో కొండెక్కుతారు, కానీ ఎక్కి బంగారయ్య ఎదురుగా నిలబడి చెప్పేస్తారు. వాళ్లంతా దిగిపోతారు, తడిసిపోయి విసిగి ఉన్నారు, ఎప్పుడు దిగుదామా అని చూస్తున్నారు. ఒక్క రెండు రోజులు. ఎల్లుండి వస్తానని మాట ఇచ్చారు కదా. పదేళ్లు నిలిచిన గట్టు రెండు రోజులు నిలవదా?

దొర మాటే నేనూ అనుకున్నాను.

24 డిసెంబరు

మధ్యాహ్నం గట్టు పోయింది.

30 డిసెంబరు

ఆయన్ని రబ్బరు తోటలో పూడ్చాం. పాదిరి గారు రాలేకపోయారు, రోడ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. వాక్యం నేనే చదివాను.

కొండ మీద నుంచి అందరం చూశాం. పెద్ద చప్పుడేమీ రాలేదు. బడి దగ్గర గట్టు మెల్లగా కూర్చుండిపోయినట్టు కనిపించింది, ఆ తర్వాత మా ఇల్లు కనిపించలేదు. లైన్లు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఎవరూ అరవలేదు. నేను పరిగెత్తాననీ, పైడిరాజూ ఇంకో ఇద్దరూ నన్ను పట్టుకుని కట్టేసినంత పని చేశారనీ తర్వాత చెప్పారు. నాకు గుర్తు లేదు.

కూలీల్లో ఒక్కరూ పోలేదు. ఒక్క మేక కూడా.

3 జనవరి 1927

దొర వచ్చి చూసి వెళ్లాడు. రోడ్డు పక్కన మెరకలో కొత్త లైన్లు వేస్తారట. అందరం ఇప్పుడు తోటలో రబ్బరు ఆరబెట్టే పొగ పాకలో ఉంటున్నాం. రాత్రుళ్లు లేచి నేల తడుముతున్నాను. తడి లేదు. అయినా తడుముతున్నాను.

6 జనవరి

కొండ మీది రాతికి గుడిసె కట్టారు. రోజూ ఎవరో ఒకరు వెళ్లి దీపం పెడుతున్నారు.

కూర్మమ్మ నాకు గంజి తెచ్చి పక్కన కూర్చుంది. నన్ను ఓదార్చాలనే. "అమ్మ మాట ఇన్నోలం బతికినాము తల్లీ. ఆ బాబు మంచోడే, గాని పొయ్యి ఎలిగించినాడు కదా, పొగ కొండ మీదికి అగుపడినాది. నువ్వు సెప్పినావు, ఇన్నాడు కాడు. నీ తప్పు లేదు."

నా తప్పు లేదట. గంజి మింగలేకపోయాను.

ఇదే మాట ఊరంతా అంటోందని తెలుసు. ఆయన పేరు ఈ ఊరి చరిత్రలో అలాగే ఉండిపోతుంది. అమ్మవారి మాట కాదని పొయ్యి వెలిగించి పోయినవాడు. పిల్లలకు కథ చెబుతారు. ఆ కథ పుట్టించింది నేను.

భయం వేస్తోంది. నీళ్లు పోయాక కూడా.

8 జనవరి

బంగారయ్య దగ్గరకు వెళ్లాను. కూలిన గట్టు మొదట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చెరువు ఉన్న చోట బురద, మధ్యలో కాస్త నీరు.

నిలబడే చెప్పేశాను. పుస్తకం లేదు, ఆచారం లేదు, ఆ రాయి నేనే చూసి పెట్టాను, అంతా అబద్ధం. మా ఆయన అమ్మవారి కోపానికి పోలేదు, గట్టు కింద ఉన్నందుకు పోయారు. అది అందరికీ మీరే చెప్పాలి.

నన్ను తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను.

"నాకెరికే" అన్నాడు.

అర్థం కాలేదు.

"నువ్వు సెప్పిన రోజే ఎరికే పంతులమ్మా. ఇక్కడోళ్లు రాతికి సారెట్టడమేటి? నిన్ను సూస్తే తెలస్తాది, అబద్దం ఆడడం నీకు సేతకాదు." ఒక మట్టి పెళ్ల తీసి వేళ్లతో నలిపాడు. "ఆ కన్నం సూసిన కాడి నుంచీ నాకు నిద్దర లేదు. నీళ్లు నోట్లో పోసుకున్నాను సూడు, ఇసక తగిలినాది. గాని కాలవ మూసినోడిని నానే. మా అయ్య సెరువు కాసినోడు. నిండు సెరువు ఒగ్గీసి ఎలిపోదుమని ఏ నోటితో సెప్పను? నువ్వొచ్చి రాయన్నావు. దేవుడు పంపినట్టు అనిపించినాది. మరైతే సరి అన్నాను."

అక్కడే కూర్చున్నాను.

"మా ఆయన వచ్చి అది అబద్ధమని అందరి ముందూ చెప్పి ఉంటే?"

"సెప్పనీ. నాను ఊరుకుందునేటి? గుమాస్తా బాబుకి మన దేవుల్లంటే గిట్టదు, ఆ మాటలు పట్టించుకోకండని ఒక్క మాట అందును. నా మాట మీద ఎక్కినోళ్లు, నా మాట మీదే ఉందురు." నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో అప్పుడే ఏదో అర్థమైంది. "అందుకని సెప్పలేదా? ఆ బాబుకి నువ్వు సెప్పలేదా?"

లేచి వచ్చేశాను.

11 జనవరి

ఆ రోజే ఆయనకు చెప్పి ఉంటే ముందు కోప్పడేవారు. దేవుడి విషయంలో అబద్ధమా అని పెద్దగా అరిచేవారు, ఆ పూట అన్నం మానేసేవారు. బంగారయ్యకు చెప్పడానికి వెళ్లి, ఆయన వినకపోతే గొణుక్కుంటూ తిరిగి వచ్చేవారు. సాయంత్రానికి నవ్వు వచ్చేసేది. రాయి ఎంచడానికి వానలో కొండెక్కావా పౌలిన్ అని ఒకటే నవ్వేవారు. గొడుగు తీసుకుని నాతో పాటు కొండ మీదకు వచ్చేవారు.